పొద్దుటి పొలం మాట

"లింగాకర్షక బుట్టలు అని నేను చెప్పనండి. మా నాయనమ్మ వింటుంది."

రిబ్కా ఫోను చెవి దగ్గర్నుంచి తీసి ఒకసారి దానివంక కోపంగా చూసింది. అవతల ఉన్నది రెడ్డిగూడెం అబ్బాయి కిరీటి. అంతకుమించి అతని గురించి ఆమెకేమీ తెలియదు.

"అది సైంటిఫిక్ పేరండీ. పుస్తకంలో అలాగే ఉంది."

"మా నాయనమ్మ పుస్తకం చదవదు. వాట్సాప్ వింటుంది."

"అయితే ఏమంటారు?"

"ఆడ ఈగ ఉందనుకుని వచ్చి మగ ఈగ పడిపోయే డబ్బా అంటాను. పాపం, ప్రేమించి చచ్చిపోతాయని కూడా చెప్తాను."

"ఆ రెండోది అక్కర్లేదు!"

"రైతులకి అదే గుర్తుంటుందండీ."

అన్నట్టే చెప్పాడు. మర్నాటి సాయంత్రానికి ఆ డబ్బాలు ఎక్కడ దొరుకుతాయని అడుగుతూ రైతుల వాట్సాప్ గ్రూపు నిండా మెసేజ్‌లే. రిబ్కాకు సంతోషమూ వేసింది, ఒళ్ళూ మండింది.

అది లాక్‌డౌన్ వేసవి. తిరువూరులో రెండు గదుల్లో నడిచే మొలక ట్రస్టు, వ్యవసాయ డిగ్రీ చదివే రైతుల, కూలీల కుటుంబాల పిల్లలకు ఫీజులూ హాస్టలు ఖర్చులూ ఇస్తుంది. బదులుగా వాళ్ళు నెలకోసారి పల్లెలకు వెళ్ళి రైతుల పొలాలు చూసి రావాలి. కాలేజీలు మూసేశారు. పల్లెలకు వెళ్ళే దారుల్లో ముళ్ళకంపలు అడ్డం పడ్డాయి. ట్రస్టు నడిపే దేవానందం సార్ వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన ఊరుకోలేదు.

"హాస్టలుకి కట్టే డబ్బులతో మీ ఫోన్లు రీచార్జి చేయిస్తాను," అన్నాడు విద్యార్థులందరితో. "ఇద్దరిద్దరు కలిసి రోజూ పొద్దున్నే రైతులకి ఒక వాయిస్ మెసేజ్ పంపండి. కాళ్ళు కదలకపోతే మాట కదలాలి."

బడి మాస్టారి కూతురైన రిబ్కాకు మైకు కనబడితే మాట రాదు. రాయమంటే మాత్రం గ్రాముతో సహా రాస్తుంది. కిరీటి నోరు ఊరుకోదు. చిన్నప్పుడే అమ్మానాన్నలు పోతే నాయనమ్మ సుబ్బాయమ్మ, మామిడితోట, ఈ రెండే లోకంగా పెరిగాడు. అందుకే సార్ వాళ్ళిద్దరినీ జత చేశాడు. ఆమె రాసింది అతను చెప్పాలి. ఆమె రాసింది రాసినట్టు అతను ఒక్కనాడూ చెప్పలేదు.

"లీటరుకి రెండు మిల్లీలీటర్లు అని రాశాను. మీరు ‘సీసా మూతతో కొలవండి’ అన్నారు!"

"ఏ మూతో కూడా చెప్పానుగా. మీరు పూర్తిగా వినకుండా తిడతారు."

"నేను తిట్టట్లేదు."

"మరి ఈ గొంతేంటి?"

"నా గొంతే ఇంత!"

"బాగుంది," అన్నాడు. ఎందుకన్నాడో అర్థంకాక రిబ్కా ఫోను పెట్టేసింది. పెట్టేశాక చాలాసేపు ఆ మాటే చెవిలో తిరిగింది.

వానలు తగ్గుముఖం పట్టాక సార్ అందరినీ ఒకసారి ఆఫీసుకు రమ్మన్నాడు. వరండాలో పది మాస్కులు నిలబడి ఉన్నాయి. జల్లు పడుతోంది. వెనక నుంచి ఎవరో, "సార్, ఆ కొలతల అమ్మాయి ఇంకా రాలేదా?" అన్నారు.

రిబ్కా గిరుక్కున తిరిగింది. నీలం మాస్కు పైన రెండు కళ్ళు. ఆ కళ్ళు ముందు భయపడి, తర్వాత నవ్వాయి.

"మాస్కు తీసి చూపించమంటారా?"

"వద్దు. దూరంగా ఉండండి."

"ఆరడుగులేనా, ఎక్కువా?"

ఆమెకు నవ్వొచ్చింది. మాస్కు ఉండటం మంచిదైంది.

మరుసటి వేసవి, మామిడి కోతలు జోరందుకున్న రోజుల్లో, ఒక పొద్దున గ్రూపులో మాట రాలేదు. కిరీటి ఫోను ఎత్తలేదు. రిబ్కా పదేపదే చేస్తే చివరికి అతని నాయనమ్మ ఎత్తింది.

"మాస్టారి అమ్మాయివా తల్లీ? వాడికి కరోనా అంట. తోటలో షెడ్డులో పడుకోబెట్టాం. డాక్టరు రోజూ ఆక్సిజన్ చూసుకోమన్నాడు. దగ్గుతో మాట రావట్లేదమ్మా."

ఆ సాయంత్రం దేవానందం సార్ ఫోన్ చేశాడు. "రైతులు ఎదురుచూస్తారు. నువ్వే చెప్పాలి."

"నా వల్ల కాదు సార్."

"వాడు కూడా ఎదురుచూస్తాడు."

ఆమె చెప్పింది. మధ్యలో రెండుసార్లు ఆగింది. అయినా చెప్పింది. వెంటనే జవాబులొచ్చాయి. "బాగా చెప్పావమ్మా, మా అబ్బాయి ఏడీ?" అని అందరిదీ ఒకటే ప్రశ్న. జ్వరమని చెప్పగానే గ్రూపు గ్రూపంతా కదిలింది. చర్చిలో ప్రార్థన పెట్టిస్తామని ఒకరు, కొండకి మొక్కుకున్నామని ఒకరు, నాటుకోడి గుడ్లు పంపుతామని ఇంకొకరు.

రోజులు గడుస్తున్నాయి. షెడ్డు నుంచి కబురు ఒకనాడు మంచిగా, ఒకనాడు చెడుగా వస్తోంది. ఆక్సిజన్ బాగా పడిపోయిందని తెలిసిన మర్నాడు పొద్దున్నే రిబ్కా ఫోను పట్టుకుంది.

"రసాల మామిడి కోసేవాళ్ళు వలచిక్కంతోనే కోయండి. కర్రతో కొట్టొద్దు. కాయకి తొడిమ ఉంచండి, లేకపోతే సొన కారి మచ్చ పడుతుంది." అక్కడితో ఆపాలి. వేలు మాత్రం మీట వదల్లేదు. "ఇంకో మాట. నేను రాసినదాన్ని మార్చి చెప్పే మనిషి లేకపోతే నాకు ఏమీ రాయబుద్ధి కావట్లేదు. కిరీటీ, లే. నువ్వు లేకుండా నాకు పొద్దు పొడవట్లేదు."

వేలు వదిలేసింది. మెసేజ్ వెళ్ళిపోయింది.

ముందుగదిలో ఆమె గొంతే మళ్ళీ వినబడింది. నాన్న సుందరరాజు కూడా గ్రూపులో ఉన్నాడు, పెరట్లో బొప్పాయిల కోసం. మెసేజ్ అయిపోయింది.

నాన్న గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"తొడిమ ఎంత ఉంచాలో చెప్పలేదు."

"నాన్నా..."

"కొలత చెప్పకుండా నువ్వు ఒక్క ముక్క రాయగా నేను చూళ్ళేదు. అంటే ఇది అంతదూరం వచ్చిందన్నమాట."

ఆమె తల ఊపింది.

సుందరరాజు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మీ తాత ఏసురత్నం ఆ కిరీటి వాళ్ళ తోటలోనే కాయలు కోసేవాడు, తెలుసా? సాయంత్రం వాళ్ళ వాకిట్లో నిలబడి కూలి తీసుకునేవాడు. పక్కనే నేనూ నిలబడేవాణ్ణి. అబ్బాయి మంచివాడే కావచ్చు. నువ్వు మాత్రం ఆ వాకిట్లో నిలబడకూడదమ్మా."

"నిలబడను నాన్నా. మీరు కూడా నాతో రండి."

ఆయన లేచి కుర్చీ మళ్ళీ దాని చోట పెట్టేశాడు.

కిరీటి లేచాడు. మెల్లగా, మంచం పట్టుకుని, గోడ పట్టుకుని లేచాడు. కాలేజీలు తెరిచినా పొద్దుటి మాట ఆపేది లేదని, కొత్తగా వచ్చే పిల్లలూ జతలు జతలుగా ఇదే పని చేస్తారని ట్రస్టు తేల్చి చెప్పిన వారంలోనే సుందరరాజు స్కూటర్ తీశాడు. "ఎక్కు. రెడ్డిగూడెం వెళ్దాం."

తోట మధ్య పెంకుటిల్లు. కిరీటి చిక్కిపోయి అరుగు మీద కూర్చున్నాడు. మాస్కు లేదు. రిబ్కా ఆ ముఖం పూర్తిగా చూడటం అదే మొదలు. ఊహించుకున్న దానికంటే ముక్కు కాస్త పెద్దది. ఎందుకో అది మరీ నచ్చింది.

సుందరరాజు వాకిట్లోనే ఆగిపోయాడు. "అమ్మా, నేను ఏసురత్నం కొడుకుని. మా నాన్న మీ తోటలో కూలికి వచ్చేవాడు." తగ్గకుండా, దాచకుండా అన్నాడు.

సుబ్బాయమ్మ ఆయన ముఖంలోకి చూసింది. తర్వాత మెట్లు దిగి వాకిట్లోకి వచ్చింది.

"పోలిక తెలుస్తూనే ఉంది. లోపలికి రండి మాస్టారూ. పళ్ళు నీళ్ళలో వేసి ఉంచాను. కూర్చుని తిందురుగాని."

సుందరరాజుకు చెప్పులు విప్పడానికి మామూలు కంటే ఎక్కువసేపు పట్టింది. విప్పి, లోపలికి వెళ్ళాడు.

అరుగు మీద ఇద్దరే మిగిలారు. మబ్బు పట్టింది.

"ఊరందరి ముందూ ‘గారు’ లేకుండా పిలిచారు," అన్నాడు కిరీటి.

"కంగారులో మర్చిపోయాను."

"మళ్ళీ గుర్తు తెచ్చుకోకండి."

"అయితే మీరూ ‘అండీ’ మానెయ్యాలి."

అతను నవ్వబోయి దగ్గాడు. ఊపిరి తీసుకుని, ఈసారి నవ్వకుండా అన్నాడు. "రిబ్కా, షెడ్డులో రాత్రంతా ఒకటే ఆలోచన. పొద్దున్నే నీ గొంతు వినాలి, అందాకా ఉంటే చాలు అని. రోజూ అలాగే తెల్లవారింది. ఇకముందు కూడా అలాగే తెల్లవారాలి నాకు. ఒప్పుకుంటావా?"

ఆమె అరుగు మీద అతని పక్కకు జరిగి కూర్చుంది. అతని చెయ్యి ఇంకా నీరసంగానే ఉంది. అందుకని తనే పట్టుకుంది.

పెద్ద పెద్ద చినుకులు మొదలయ్యాయి. తొలకరి మట్టివాసన గుప్పుమంది. గాలికి జల్లు అరుగు మీదికి కొడుతోంది. ఇద్దరిలో ఒక్కరూ కదల్లేదు.

"రిబ్కా! తడుస్తున్నారు, ఇద్దరూ లోపలికి రండి," లోపల నుంచి సుందరరాజు పిలిచాడు, నోట్లో రసం పండుతోనే.

"ఉండనివ్వండి మాస్టారూ," అంది సుబ్బాయమ్మ, ఆయన పళ్ళెంలో ఇంకో పండు వేస్తూ. "వాన ఇప్పుడేగా మొదలైంది."