కప్తానింటి బావి చెప్పిన మాట

నేపుల్స్ దగ్గరి ప్రోచిదా దీవిలో, కప్తానింటి బావి దగ్గర పొద్దుగూకాక ఎవరూ నోరు విప్పరు.

విప్పితే... జవాబొస్తుంది.

ఎప్పుడో ఓ ఓడ కప్తాను భార్య, సముద్రం మీదికి వెళ్ళిన మొగుడి కబురు కోసం చూసీ చూసీ అందులో దూకిందట. ఆమె ఆత్మశాంతికి ఆ దీవి ఆడవాళ్ళు తిప్పని జపమాల లేదు, ఫాదర్లు చెయ్యని పూజ లేదు. గొంతు మాత్రం నీళ్ళలోనే ఉండిపోయిందంటారు.

అందుకే ఆ ఇల్లు అద్దెకు చవగ్గా దొరుకుతుంది. అందులోనూ నవంబరు నెలలో.

ఇమ్మకొలాతాకి కావలసిందీ అదే — చవగ్గా ఓ రెండు రాత్రులు, అత్తగారి చెవికి అందనంత దూరంలో.

నేపుల్స్‌లో అత్తగారు డోన్నా తితీనా ఇంట్లో, తెర కట్టిన అరగదిలో, ఆమెది మూడేళ్ళ కాపురం. రాత్రి చిన్నగా దగ్గినా తెర అవతల్నుంచి "చలి చేసిందా అమ్మాయ్?" అని వినిపించేది. వేరు కాపురం మాట మొగుడితో ఎత్తుదామా అంటే, ఆ ఇంట్లో ఎత్తడానికి లేదు.

మా నేపుల్స్‌లో ప్రతి ఇంటికీ కంటికి కనపడని తల్లి ఒకామె ఉంటుంది. వీధిలోంచి వచ్చినవాళ్ళు ముందు ఆమెను పలకరించాకే మనుషుల్ని పలకరించాలి. ఇల్లు మారే మాట ఆమె చెవిన పడకూడదు. పడితే అలుగుతుంది. ఆమె అలిగిన ఇంట్లోంచి ఏడాది తిరక్కుండా శవం లేస్తుందని మా పెద్దవాళ్ళు చెప్పేవారు. దేవుడి మీద ఎంత నమ్మకమున్నా, ఈ విషయంలో ఎవరూ పరీక్షకు పోరు.

ఆ శుక్రవారం సాయంత్రం మెట్ల మీదే మొగుడు కతెల్లోతో మాటా మాటా పెరిగింది. "పద, ఎక్కడికైనా సరే! పడవ దొరికితే పడవ!" అంది ఇమ్మకొలాతా.

అత్తగారు గుమ్మంలోకొచ్చింది. "ప్రోచిదా పొండి. నేను పుట్టిన ఊరేగా. కప్తానిల్లు ఖాళీగా ఉంటుంది, తాళం పక్కింటి నన్నీనా దగ్గర."

మార్చుకోను బట్టలైనా తీసుకోలేదు. ఒక రొట్టె, కాస్త చీజు, ఆఖరి పడవ.

ఇల్లు తడిగా ఉంది. దుప్పట్లు ఉప్పు వాసన. దీపం ఆర్పాక ఇమ్మకొలాతా మెల్లిగా మొదలుపెట్టింది — "కతెల్లో, మనం ఆ ఇల్లు..."

అతను ఆమె నోరు మూసేశాడు. "ఇక్కడ కూడా ఓ తల్లి ఉంటుందే!"

"ఇది మనిల్లు కాదుగా!"

"మరీ ప్రమాదం. ఈమెకి మన సంగతులేం తెలీవు."

నవ్వాలో ఏడవాలో తెలీక, ఆమె దుప్పటి కప్పుకొని పెరట్లోకి నడిచింది. అతనూ వెనకే వచ్చాడు. పెరట్లో కూర్చోడానికి ఉన్నది ఒక్కటే... బావి గట్టు. ఆ విసురులో బావి కథ ఇద్దరికీ గుర్తు రాలేదు.

గాలి లేదు. కింద రేవులో తాళ్ళు కిర్రుమంటున్నాయి.

"పిల్లల్లేరని వీధంతా నన్నడుగుతుంది," అంది గుసగుసగా. "ఆ తెర వెనకాల పిల్లలెలా పుడతారు కతెల్లో? వేరే ఇల్లు చూడు. లేదా... ఎల్లుండి పడవ దిగాక నువ్వు మీ అమ్మ దగ్గరికి పో, నేను పొత్సువోలిలో అక్క దగ్గరికి పోతా. మళ్ళీ రాను."

అతను తల వంచి బావిలోకి చూశాడు.

"అమ్మ గుండె పగిలిపోతుంది, ఇమ్మా. మనం వెళ్ళిపోతే..."

"పొండి..."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరి పెదాలూ కదల్లేదు.

"పొండి... ఆ ఇల్లు వదిలి... పొండి..."

గొంతు కింది నుంచి వచ్చింది — నీళ్ళలోంచి. తడిగా, ముసలిగా, ఆయాసంగా.

ఎలా పరిగెత్తారో వాళ్ళకే తెలీదు. రేవు దగ్గర సెయింట్ మైఖేల్ విగ్రహమున్న గూటి ముందు, కాళ్ళకి చెప్పుల్లేకుండా, ఒకే దుప్పట్లో ముడుచుకుని తెల్లవార్లూ కూర్చున్నారు. కతెల్లో చిన్నప్పటి ప్రార్థనలన్నీ చదివాడు. కొన్ని సగంలో మర్చిపోయి, మళ్ళీ మొదట్నుంచి చదివాడు.

మొదటి పడవకే నేపుల్స్ చేరారు. పై అంతస్తుకి మాత్రం ఎక్కలేదు. ఇంట్లో అనకూడని మాట కదా! కతెల్లో సందులో నిలబడి పైకి చూసి అరిచాడు — "అమ్మా! మేం వేరే పోతున్నాం! బావి చెప్పింది!"

సందులో కిటికీలన్నీ తెరుచుకున్నాయి.

డోన్నా తితీనా బాల్కనీ కమ్మి పట్టుకుని వంగి చూసింది. శిలువ గుర్తు వేసుకుంది. ఏప్రన్ అంచుతో కళ్ళొత్తుకుంది. "చచ్చినవాళ్ళ మాట కాదనడానికి నేనెవర్ని నాయనా!" అంది.

నెల తిరక్కుండా రెండు గదుల ఇల్లు దొరికింది. ఈస్టరు నాటికి ఇమ్మకొలాతాకి మూడో నెల.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి — ఆ బావికి దణ్ణం పెట్టుకుని, కప్తాను భార్య పేరున ఓ కొవ్వొత్తి వెలిగించాలని. పగటి పడవలో వెళ్ళింది. పక్కింటి నన్నీనాకి మిఠాయి పొట్లం ఇద్దామని లోపలికెళితే, ముసలావిడ వంటగదిలో నేల మీది చెక్క మూత ఎత్తి నీళ్ళు తోడుతోంది.

"ఇక్కడా బావేనా, పిన్నీ?"

"అదే బావి తల్లీ. రెండిళ్ళకీ కింద ఒకటే నీళ్ళ గొయ్యి. అటు తుమ్మితే ఇటు వినపడుతుంది." నన్నీనా బాల్చీ దించి ఆయాసం తీర్చుకుంది. "ఆ రాత్రి బోర్లా పడుకుని అరిచేసరికి వారం రోజులు నడుం పట్టేసింది నాకు."

ఇమ్మకొలాతా చేతిలో పొట్లం అలాగే ఉండిపోయింది. "నువ్వా?... ఎందుకు?"

"మీరు పడవెక్కాక మీ అత్త ఫోన్ చేసింది. మోకాళ్ళ నొప్పులతో నాలుగంతస్తులూ దిగి, వీధిలో నిలబడి మరీ చేసింది పాపం. 'మూడేళ్ళుగా చెప్పాలని నోటి దాకా వస్తోందే నన్నీనా, ఇంట్లో అనలేను, అంటే ఆ తల్లి అలుగుతుంది. వాళ్ళు కాస్త వేరే పోతే నా గది నాకు దక్కుతుంది, బావిలోంచి ఆ మాటేదో నువ్వే చెప్పెయ్, నీకు పుణ్యముంటుంది' అంది."

ఏ మాట కోసం ఇమ్మకొలాతా మూడేళ్ళు కన్నీళ్ళతో జపమాల తిప్పిందో, అదే మాట తెర అవతల కూడా నలుగుతోందన్నమాట.

తర్వాత ఆమె మొహం మెల్లగా ఎర్రబడింది. మిఠాయి పొట్లం వెనక్కి లాక్కుంది.

"ఏం? నేనేం తక్కువ చేశానట ఆవిడకి?"