ఫీజు ఎవరి చేతికి

1957 జూన్‌లో ఒక సోమవారం పొద్దున్న, చోడవరంలో పెదబాబు ఇంటి అరుగు మీద పరదేశి, మంగాయమ్మల విడాకుల కాగితం మొదలైంది. పెదబాబు కులపెద్ద. రాసిపెట్టే కరణం అనకాపల్లి వెళ్లాడు. మిగిలినవాళ్లలో తప్పుల్లేకుండా రాయగలిగింది ఆ దంపతుల కూతురు పైడితల్లి. ఆ ఏడే ఎస్సెల్సీ ప్యాసైంది. అమ్మానాన్నల విడాకులు తనే రాయాల్సి వచ్చింది.

మూడేళ్లుగా పరదేశి గోవాడలో, మంగాయమ్మ కూతురితో చోడవరంలో తమ్ముడి ఇంట్లో ఉంటున్నారు. ఇద్దరికీ మాటల్లేవు. చెప్పేదేదైనా పెదబాబుకి చెబుతారు. వాళ్ల కులంలో పెద్దల ముందు ఇద్దరూ గడ్డిపరక పట్టుకుని తెంపితే పెళ్లి తెగినట్టే. ఆ పరక పెదబాబు చెవి మీద ఉంది.

బిందెలు ఆవిడకి, ఎడ్లు ఆయనకి అన్నది పది నిమిషాల్లో తేలింది.

"ఇంక పరక తెంపీండి," అన్నాడు పెదబాబు.

"గుంట సదువో బాబూ?" అంది మంగాయమ్మ, కూతుర్ని చూపిస్తూ. "ఇశాపట్నం కాలేజీలో సీటిచ్చేరు. నాలుగేళ్లు. ఎకరం సెరుకు మీదొచ్చే బెల్లం డబ్బులు ఏటా నా సేతికియ్యాల. అది రాయందే పరక ముట్టను."

"ఆవిడ సేతికివ్వనని సెప్పండి," అన్నాడు పరదేశి.

పైడితల్లి కలం ఆగింది. చేరడానికి శుక్రవారం గడువు.

"సూసేరా? కోడిపందేలకైతే సెయ్యి వత్తాది!"

"ఆ కోడి నెగ్గింది. ఆ మాట సెప్పదేం?"

"కోడి సంగతి రాయాలా, వద్దా?" అన్నాడు పెదబాబు.

"వద్దు," అన్నారిద్దరూ.

పైడితల్లి లేచి నిలబడింది. "నాన్నా, నన్ను సదివించడం ఇష్టం నేదా? నేదని సెప్పీ. రాసీసుకుంటాను."

పరదేశి తల దించుకున్నాడు. "ఇష్టం నేకపోడమేటే? రెండెకరాలదీ ఇత్తాను. మీ అమ్మ సేతికిత్తే నువ్వు గోవాడెందుకొత్తావు? మూడేళ్లలో రెండుసార్లొచ్చేవు. ఫీజుకైనా వత్తావనుకున్నాను."

పైడితల్లి మళ్లీ కూర్చుంది. మంగాయమ్మ చెంగుతో కళ్లు ఒత్తుకుని మొగుడి వైపు తిరిగింది.

"ఈ మాట ముందే సెప్పకపోయేవా?"

"నువ్వడిగేవా?"

"అమ్మయ్య, నాకు పని తగ్గింది," అన్నాడు పెదబాబు.

"రాయే," అంది మంగాయమ్మ కూతురితో. "ఫీజు నాన్నే ఇత్తాడు. పెతీసారీ గుంట గోవాడెళ్లి తెచ్చుకోవాల."

"రెండ్రోజులుండాల," అన్నాడు పరదేశి.

"ఉంటాది. ఏటెడతావు దానికి? నీకు గంజి కూడా కాయడం రాదు."

"పులుసు నేర్సుకున్నాను."

"అదీ రాయే."

పైడితల్లి ముక్కు తుడుచుకుంటూ, నవ్వుతూ రాసింది. తర్వాత పరక తెంపారు.

కాలేజీకి ఎవరు తీసుకెళ్లాలన్నది కాగితంలో లేదు. శుక్రవారం బస్సు దగ్గరికి ఇద్దరూ వచ్చారు. కాలేజీలో గుమాస్తా ఫారం తిప్పి చూసి, సంతకానికి అమ్మో నాన్నో, ఒకరుంటే చాలన్నాడు.

"ఇద్దరం ఉన్నాం బాబూ," అంది మంగాయమ్మ, వేలిముద్రకి సిరా అడుగుతూ.