బూడిద సిలువ

మధులతకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. కాస్త కన్నంటుకున్నా చాలు, ఎవరో వచ్చి పాపను ఎత్తుకుపోతారని.

అందుకే బూర్గంపాడులో తన ఇంటి తలుపు మీద సిలువ గుర్తు మళ్లీ కనిపించిన పొద్దున, పాపను చంకనేసుకుని కొత్తగూడెం బస్సెక్కింది. ప్రైవేట్ డిటెక్టివ్ శోభారాణి ఎదుట కూర్చున్నాక కూడా పాపను చంకలోంచి దించలేదు.

“పిల్లలనెత్తుకపోయేటోళ్లు ముందుగాల ఇంటికి గుర్తు పెడ్తరట మేడం. మా ఆయనేమో పక్కింటి జానీ మీదికి కొట్లాటకు పోతుండు. గల్లీల చర్చికి పోయేటోడు అతనొక్కడే గదా!”

“ఆ గుర్తు ఎప్పుడు పడ్తది?”

“పాప రాత్రంత ఏడ్చిన తెల్లారి.”

శోభారాణి అసిస్టెంట్ వైపు తిరిగింది. “జావీద్, జల్దీ బండి తియ్.”

బూర్గంపాడులో మధులత ఇంటి తలుపు మీద గుర్తు నడుమెత్తులో ఉంది. శోభారాణి వంగి వాసన చూసింది. ఆముదంలో కలిపిన పొయ్యి బూడిద. అడ్డగీత పొట్టిగా, పైకొన గుండ్రంగా ఉన్నాయి.

“సిలువకు తలకాయ ఉంటదా జావీద్?”

“ఉండదు మేడం!” అన్నాడు జావీద్. ఆమె అడిగిందంటే కేసు తేలిపోయినట్టేనని అతని నమ్మకం.

జానీ గోడ అవతలి నుంచే అరిచాడు. “నా ఇంటికే సున్నం కొట్టుకోలే, మీ తలుపుకు నేను రంగులేస్తనా?”

అప్పుడే ఎదురింటి భీమక్క, పాపకు రోజూ నీళ్లుపోసే ముసలామె, వంగిన నడుముతో ఆముదం గిన్నె పట్టుకుని వచ్చింది.

సాయంత్రం శోభారాణి అందరినీ అరుగు మీద కూర్చోబెట్టింది.

“జానీ గీస్తే ఛాతీ ఎత్తున గీస్తడు. ఇది వంగిన మనిషి గీసింది. పాప ఏడుపు వినబడేటంత దగ్గరున్న మనిషి, చేతికి ఆముదం ఉన్న మనిషి. ఇంకోమాట, ఇది సిలువే కాదు. చేతులు చాపి నిలబడ్డ మనిషి. ఈ దిక్కు చర్చిలు రాకముందే పాత సమాధుల కాడ నిలబెట్టిన గిసోంటి రాళ్లు అడవిల ఉన్నయి. అవ్ గదా భీమక్కా?”

భీమక్క కళ్లు ఎక్కడో అడవిలోకి పోయాయి.

“అవ్ బిడ్డా. మా ఊరి రాతితాత. పిల్లలు ఏడిస్తే మా అవ్వ తలుపు మీద బూడిదతో తాతను నిలబెట్టేది. చేతులు అడ్డం పెట్టి దేన్నీ లోపలికి రానియ్యడు. తర్వాత ఒకరొచ్చి ఆ రాయికి పసుపు పూసిండ్రు, ఇంకొకరు కొవ్వొత్తులు పెట్టిండ్రు. తాత ఎవర్నీ కాదనలే.”

“మరి చెప్పొద్దా, పెద్దమ్మా?” అంది మధులత ఏడుపుగొంతుతో.

“చెప్తే తాత నిలవడు. పొద్దుపొడవక ముందే, ఎవ్వరికీ చెప్పకుండ గియ్యాలె.”

మధులత భర్త మంగయ్య తలొంచుకున్నాడు. “జానన్నా, తప్పయింది.”

“నా తలుపు మీద కూడ గీయమను. నాకూ నిద్రపట్టదు,” అని నవ్వాడు జానీ.

ఇప్పుడు మధులత ఉండేది సత్తుపల్లిలో, మంగయ్య బొగ్గుగనిలో పనికి కుదిరాడు. పాప ఏడ్చిన తెల్లారి ఆమే ఆముదంలో బూడిద కలిపి తలుపు మీద తాతను గీస్తుంది. ఆ వాసనకు పాత గల్లీ అంతా కళ్ల ముందుకొస్తుంది. దానితోపాటే ఒక కొత్త దిగులు. ఒంటరిగా ఉండే భీమక్క తలుపు మీద ఎవరు గీస్తారు?

మీరు భద్రాచలం పోయే దారిలో ఒక్కసారి బూర్గంపాడులో దిగండి. భీమక్క ఎలా ఉందో, అన్నం తిన్నదో లేదో చూడండి. ఆమె తలుపు ఖాళీగా కనబడితే, పొద్దుపొడవక ముందే తాతను నిలబెట్టండి. ఆమెకు మాత్రం చెప్పకండి.