ఏడో నంబర్ విల్లాకి పదకొండు మంది యజమానులు

మంగళవారం ఉదయం ఆరు నలభై. కరీబియన్ దీవి ఆంటిగ్వా దక్షిణ తీరం. సగం కట్టి వదిలేసిన ఏడో నంబర్ విల్లా. ఎండిన ఈతకొలనులో శవం.

పేరు బెర్న్‌హార్డ్ క్రూల్. ఆ విల్లా కొని, ఆ పెట్టుబడితో ఈ దేశ పౌరసత్వం సంపాదించిన విదేశీయుడు. తల వెనక ఇనుపరాడ్ దెబ్బ. ప్రాణం పోయింది రాత్రి పన్నెండుకీ రెండుకీ మధ్య అన్నాడు డాక్టర్.

ఇన్‌స్పెక్టర్ అయోనీ వీక్స్ కొలనులోకి దిగింది. ఇరవై ఏళ్ళ సర్వీసు. అయినా ఏ శవాన్ని చూసినా ముందు కొడుకు ముఖమే కళ్ళ ముందు మెదులుతుంది.

కానిస్టేబుల్ అప్పటికే వాచ్‌మన్ ఓస్బర్ట్‌కి బేడీలు వేశాడు.

"ఆదివారం ఈ ముసలోడు క్రూల్‌ని ఇదే గుంటలో పాతేస్తానన్నాడు మేడమ్. అందరూ విన్నారు."

"అన్నారా?" అడిగింది అయోనీ.

"అన్నాను తల్లీ. మా తాతలు చేపలు పట్టిన ఒడ్డు ఇది. కంచె వేసి, 'ఎవడ్రా నువ్వు, పో బయటికి' అన్నాడు. నిన్నగాక మొన్న ఈ దేశస్థుడైనవాడు! తిట్టాను. చంపలేదు."

"రాత్రి ఏమీ వినలేదా?"

"గేటు దగ్గర జనరేటర్ మోతలో ఏం వినపడుతుంది?"

సాక్షి లేడు. ఈ ముసలాయన జైల్లోనే పోతాడేమో. అయోనీకి అదే బెంగ.

ఎనిమిదీ పదిహేను. క్రూల్‌కి విల్లా అమ్మి, పౌరసత్వానికి దరఖాస్తు పెట్టించిన ఏజెంట్ గ్లెన్‌రాయ్ టాంజ్ ఇల్లు. ఒంటరివాడు. కూర్చోమని కూడా అనలేదు.

"హంతకుడు దొరికాడని టీవీలో చెప్పారుగా. నా కొంపకెందుకు?"

"క్రూల్ సంచిలో లిస్టు దొరికింది. అదే విల్లాని మీరు పదకొండు మందికి అమ్మారు. ఇవాళ ప్రభుత్వానికి ఇవ్వడానికి రాసిన ఫిర్యాదూ ఉంది."

"వ్యాపారం వేరు, హత్య వేరు. రాత్రి పదికి పడుకున్నాను. ఆరింటికి లేచాను. అయినా పౌరసత్వం విలువ మీకేం తెలుసు? మీకు ఊరికే వచ్చిందిగా!"

అయోనీ చూపు లోపలికి పోయింది. వంటింట్లో డ్రమ్ము అంచుదాకా నిండి ఉంది. నేలంతా తడి. ఆ తడి వాకిలి దాటి పక్కింటి వైపు పోయింది.

"ఎనిమిది రోజులుగా కుళాయి రాలేదు కదా. తిప్పి వదిలేశారా?"

"అందరూ వదిలేస్తారు. వచ్చినప్పుడు పట్టుకోవాలిగా."

"ఎప్పుడొచ్చాయి?"

"తెల్లవారుజామున... అనుకుంటా."

ఆమె నీళ్ళ ఆఫీసుకి ఫోన్ చేసింది. తర్వాత పక్కింటి మిరియమ్‌ని పిలిచింది.

"నీళ్ళు వదిలింది పన్నెండూ ఇరవైకి," అంది అయోనీ. "మిరియమ్, నువ్వు చెప్పు."

"ఒకటిన్నర దాకా తలుపు బాదానమ్మా! ఈ కరువులో బంగారంలాంటి నీళ్ళు నా వాకిట్లో పారుతుంటే ఊరుకుంటానా? నోరు నొప్పెట్టేలా తిట్టాను. ఒక్కడూ పలకలేదు."

"ఈ దీవిలో కుళాయి గరగరమంటే చచ్చినవాడు కూడా బకెట్ పట్టుకుని లేస్తాడు గ్లెన్‌రాయ్. నువ్వు లేవలేదు. ఎందుకంటే ఇంట్లో లేవు," అంది అయోనీ.

"నిద్రమాత్ర వేసుకున్నాను!"

"మీ కారు కూడా వేసుకుందా? రాత్రి అదీ లేదుగా ఇక్కడ!" అంది మిరియమ్.

కారు డిక్కీలో నెత్తురంటిన రాడ్ దొరికింది. ఈసారి బేడీలు గ్లెన్‌రాయ్‌కి పడ్డాయి.

పదింటికి స్టేషన్‌లో అయోనీ తన చేత్తోనే బేడీలు విప్పింది. ఓస్బర్ట్ దండం పెట్టలేదు.

"విప్పితే సరా? పొద్దున్నే టీవీలో నా ముఖం వేశారు. నా కూతురి కొట్టు మీద జనం రాళ్ళేశారట. వాళ్ళకి ఎవరు చెప్తారు?"

అయోనీ జీపు తాళాలు తీసుకుంది.

"నేనే చెప్తాను. ఎక్కండి."