బుధవారం వంతు

పనసపుట్టుగలో తెల్లారితే కోడికంటే ముందు మనుషుల నడుముల్లోంచి గొంతులు లేస్తాయి. ఒక ఇంట్లో "నూట ఇరవై నాలుగు, ఎనభై" అని వినిపిస్తే, పక్కింట్లో "నూట పద్దెనిమిది, డెబ్బై ఆరు" అని వినిపిస్తుంది. 2079లో ఆ ఊరికి ఇది ఆవు అంబా అన్నంత మామూలు. మొదట్లో "ఏటి బావా, రాత్రి ఆవకాయ ఎక్కువైనాదేటి" అని గోడ మీదుగా వేళాకోళాలు కూడా నడిచాయి. తర్వాత అందరి అంకెలూ ఒకేలా ఉండసాగాయి. ఇక ఎవరినీ అడగడానికి ఏమీ మిగల్లేదు.

ఆ గొంతు వడపూసది. పూసంటే మెళ్ళో వేసుకునేది కాదు. జీడిగింజంత పరికరం. చర్మం కింద, మూత్రపిండం పక్కన, రక్తనాళానికి అతుక్కుని ఉంటుంది. లోపల నెఫ్రాన్ జాలీ అనే వల ఉంది, రక్తాన్ని వడకట్టేది అదే. బీపీ పెరిగిందా, పూస తన కడుపులోంచి ఒక చుక్క మందు వదులుతుంది. కిడ్నీ చెడితే బీపీ పెరుగుతుంది, బీపీ పెరిగితే కిడ్నీ ఇంకా చెడుతుంది. ఈ పాడు చక్రంలో పడి ఉద్దానం వైపు ఎన్ని కుటుంబాలు నలిగిపోయాయో ఆ ఊళ్ళో ముసలివాళ్ళకు బాగా తెలుసు. ఆ చక్రాన్ని మధ్యలో తెంపడానికే వడపూస పుట్టింది.

దాన్ని కనిపెట్టిన డాక్టర్ తిలోత్తమ క్లినికల్ ట్రయల్ కోసం మూడేళ్ళుగా జీడితోటల పక్క క్వార్టర్లో ఒంటరిగా ఉంటోంది. వయసు యాభై మూడు. మాట్లాడే తోడు ఒక్కటే, ట్రయల్ లెక్కలన్నీ చూసే యంత్రం. దాని పేరు చూపరి. అన్నం తినేటప్పుడు కూడా ఆమె దాన్ని పక్కన పెట్టుకునేది. ఆ సంగతి ఎవరికైనా తెలిస్తే నవ్వుతారని సిగ్గు కూడా పడేది.

ఇప్పుడు ఆమెకు తిండి సహించడం లేదు. ట్రయల్లో ఉన్నది ఇరవై ఆరుగురు. ఆరు నెలలుగా, బుధవారం వచ్చేసరికి వాళ్ళలో ఎవరో ఒకరికి బీపీ నూట ఎనభై దాటుతోంది. పూస చుక్క మీద చుక్క వదిలినా ఆగడం లేదు. ఆ మనిషిని పాత డయాలసిస్ హాలుకు తెచ్చి సాయంత్రం దాకా పడుకోబెట్టాల్సి వస్తోంది. ఇంకో తొమ్మిది రోజుల్లో సమీక్షా సంఘం కూర్చుంటుంది. అప్పటికి కారణం దొరక్కపోతే ఇరవై ఆరు పూసలూ బయటికి తీసేయాలి. పూస కోసం కాచుకుని ఉన్న లక్షలమంది ఇకమీదట కూడా వారానికి మూడుసార్లు డయాలసిస్ యంత్రాలకు అతుక్కుపోవాల్సిందే.

"చూపరీ, లోపం దొరికిందా?"

"పూసలో లోపం లేదు. ఈ మాట చెప్పడం ఇది ఎనభై నాలుగోసారి."

"మరి బుధవారమే ఎందుకు? ఏడు రోజుల గడియారంలోనే ఎక్కడో తప్పుంది. మళ్ళీ చూడు."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, పిచ్చితల్లి రెండు నెలలు పూసలోని చిప్పునే తవ్వింది. ఆ మంగళవారం మధ్యాహ్నం ఎందుకో ప్రశ్న మార్చింది.

"ఇప్పటికి ఇరవై ఐదు బుధవారాలు. రెండోసారి పడినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"లేరు."

"అసలు పడనివాళ్ళు?"

"ఒక్కరు. బత్తిన తులసయ్య."

తిలోత్తమ చేతిలోని ముద్ద కంచంలో పడేసింది. జబ్బు ఇంత మర్యాదగా, వరుస తప్పకుండా ఇంటింటికీ వెళ్ళదు. వెళ్ళేది మనుషులే. పైగా తులసయ్య అందరిలోకీ బలహీనుడు, డెబ్బై రెండేళ్ళవాడు. ఉన్న రెండు కిడ్నీలూ కలిపి పదో వంతు పనిచేస్తే గొప్ప.

"ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా!"

"మీరు పూసలో లోపం వెతకమన్నారు. మనుషుల్లో వెతకమనలేదు."

ఆమె వెంటనే తులసయ్య ఇంటికి పరుగెత్తింది. తాళం వేసి ఉంది. సంతకెళ్ళాడని పక్కింటావిడ చెప్పి, ఆ వెంటనే నాలుక కరుచుకుంది. రాత్రిదాకా వెతికినా అతను కనిపించలేదు.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి తులసయ్యను హాలుకు మోసుకొచ్చారు. రెండువందల పన్నెండు. కళ్ళు మసకలంటున్నాడు, మాట ముద్దగా వస్తోంది. తిలోత్తమ సూది ఎక్కించింది, గంటన్నర అతని పక్కనుంచి కదల్లేదు. నూట తొంభై. నూట డెబ్బై. నూట యాభై ఐదు. పదకొండు దాటాక ముసలాయన కళ్ళు విప్పి, "ఆళ్ళొచ్చినారా?" అని అడిగాడు.

ఎవరని అడక్కుండానే ఆమె చేతులు కడుక్కోవడానికి పక్క గదిలోకి వెళ్ళింది. ఆ కాసేపట్లోనే హాలు నిండిపోయింది. తలుపు సందులోంచి చూస్తే మిగతా ఇరవై ఐదుగురూ ఉన్నారు. ఒకరు జావ తెచ్చారు, ఇంకొకరు విసనకర్ర తెచ్చారు. ఆడవాళ్ళు మంచాల మీద కాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. ఎవరి మేక ఎవరి తోటలో పడిందో, ఎవరి మనవరాలు ఎవరిని ప్రేమించిందో, ఒకరి మాట పూర్తికాకుండానే ఇంకొకరు అందుకుంటున్నారు. మడ్డు దానయ్య ఏదో అన్నాడు, అందరూ పగలబడి నవ్వారు. చావు అంచుదాకా వెళ్ళొచ్చిన తులసయ్య కూడా నవ్వాడు. ఆ హాల్లో అంత సందడి ఉంటుందని మూడేళ్ళలో తిలోత్తమకు తెలియనే లేదు.

ఆమె తలుపు తోసుకుని వచ్చింది. నవ్వులు ఠక్కున ఆగిపోయాయి.

"రాత్రి ఏం తిన్నావు తులసయ్యా?"

తులసయ్య దుప్పటి మెడదాకా లాక్కున్నాడు.

"ఎండునెత్తళ్ళు," అంది తామాడ ఊర్వశమ్మ. అరవై ఎనిమిదేళ్ళది, దాచడం చేతకాని మనిషి. "ఉప్పుసేపలే, సంతలో కొన్నాం. మీద రెండు గుప్పిళ్ళు ఉప్పేసి ఒండినాం. ఆడి వంతు మరి."

"వంతా?"

"వంతే తల్లీ. పేర్లు సీట్లేసి తీసినాం. వారానికొకలు."

తిలోత్తమకు ఒళ్ళు మండిపోయింది. "బుద్ధుందా మీకు? చచ్చిపోయేవాడు! ఎందుకు చేశారీ పని?"

మళ్ళీ ఊర్వశమ్మే నోరు విప్పింది.

"పూస రాకముందు వారానికి మూడుసార్లు ఈ మంచాల మీదే పడుండీవోలం. నాలుగేసి గంటలు. సూదులు నొప్పే, నీరసమే, కాదన్ను. కానీ పక్కన మనిసుండీవోడు. మీ పూస వచ్చింది, మీరు సల్లగుండాల, రోగం పోనాది. దాంతోపాటు రావడం కూడా పోనాది. తొంభై రోజులు ఎవులూ పడకపోతే హాలు మూసేత్తామని మీరే కాగితం అంటించినారు."

"ఊరికే కలుసుకోవచ్చు కదా! ఎవరు వద్దన్నారు?"

ఊర్వశమ్మ ఆమెను జాలిగా చూసింది. "పనీపాటా నేకుండా ఎవులింటికెల్తాం తల్లీ? గుమ్మంలో అడుగెట్టగానే ఊరక రారు మహానుభావులని మూతి తిప్పుతారు. అప్పడగడానికొచ్చినామనుకుంటారు, నేదా సాడీలు సెప్పడానికనుకుంటారు. అదే ఒంట్లో బాగునేదంటే ఎల్లాల. ఎల్లకపోతేనే తప్పు."

"పోయేవాడమ్మా తులసయ్య!"

"పోతే మాత్రం అందరం రామా?" అన్నాడు మంచం మీంచి తులసయ్య. ఆ మాటకు నవ్వినవాళ్ళున్నారు, కళ్ళొత్తుకున్నవాళ్ళున్నారు.

తిలోత్తమ ఆ వారమంతా నలిగిపోయింది. నిజం దాస్తే పూసకు చెడ్డపేరు. నిజం చెబితే నియమం తప్పారని ఇరవై ఆరుగురినీ ట్రయల్లోంచి గెంటేస్తారు. ఆఖరికి నిజమే చెప్పింది. సంఘం అధ్యక్షుడు ఇంతెత్తున లేచాడు. ఆమె తగ్గలేదు. "మనిషి కావాలని ఉప్పు మింగినా, హాలు చేరేదాకా పూస ప్రాణం నిలిపింది. ఇరవై ఆరు సార్లు నిలిపింది. ఇంతకంటే పరీక్ష మీరు పెట్టగలరా?" అంది. పూస నెగ్గింది. రోగులు మిగిలారు. కాగితాల చివర ఆమె ఒక కొత్త నియమం కూడా చేర్చింది: బుధవారం బుధవారం పూసలున్నవాళ్ళంతా హాల్లో నాలుగు గంటలు కూర్చుని సామూహిక కొలత ఇవ్వాలి.

"పూస ప్రతి క్షణం కొలుస్తూనే ఉంటుంది," అంది చూపరి. "ఈ కొలత అనవసరం."

"అవసరమే. రాయి."

వైద్యం అనేసరికి ఊళ్ళో ఎవరూ మూతి తిప్పలేదు. కోడళ్ళే అత్తలను తలదువ్వి పంపించారు. ఉప్పుచేపల వంతు ఆగిపోయింది.

మొదటి కొలత రోజున తిలోత్తమ కోటు వేసుకోలేదు. నీలంరంగు నేతచీర కట్టుకుంది. తెల్లవారకముందే లేచి పులిహోర కలిపింది, ఇరవై ఏడుగురికి. ఇరవై ఏడో మనిషి తనే. దానయ్య చెప్పే కబుర్లు వినాలని, తన మాట కూడా ఎవరో మధ్యలో అందుకుంటే బాగుండునని ఆమెకు మహా ఆశగా ఉంది. ఇన్నేళ్ళలో ఇంత ఆశ పడిన గుర్తు లేదు.

నవ్వులు వరండాలోకే వినిపిస్తున్నాయి. ఆమె లోపలికి అడుగుపెట్టగానే ఇరవై ఆరుగురూ లేచి నిలబడ్డారు.

"కూర్చోండి, కూర్చోండి. నేనూ ఊరికే వచ్చాను. మాట్లాడుకోండి."

"అలగే తల్లీ," అన్నారు. ఎవరూ మాట్లాడలేదు. కాళ్ళు మంచాల మీంచి దించుకున్నారు, కొంగులు సర్దుకున్నారు. ఆమె ఒక స్టూలు లాక్కుని ఊర్వశమ్మ పక్కన కూర్చుని, మేక సంగతి ఏమైందని అడిగింది. "బాగున్నాది తల్లీ," అంది ఊర్వశమ్మ, డాక్టరుకు జ్వరం సంగతి చెప్పినట్టు.

తులసయ్య నడుము పలికింది. "నూట నలభై ఆరు." దానయ్యది అందుకుంది. "నూట యాభై." కాసేపటికి అందరి నడుములూ ఒకదాని మీద ఒకటి మోగసాగాయి. పూసలు మందు వదలడం మొదలుపెట్టాయి.

"ఇరవై ఆరుగురికీ ఒకేసారి పెరిగింది," అంది చూపరి ఆమె చెవిలో. "ఈసారి ఉప్పు కాదు."

కారణం ఆమెకు చెప్పక్కర్లేదు. వైద్యం చదివే మొదటి ఏడాదిలోనే నేర్పుతారు. డాక్టరు ఎదురుగా ఉంటే కొందరికి బీపీ దానంతటదే పెరుగుతుంది. తెల్లకోటు బీపీ అంటారు దాన్ని.

"నేను కోటు వేసుకోలేదే," అంది మెల్లగా.

"కోటుతో పనిలేదు. మీరు చాలు."

ఆమె లేచింది. ఊర్వశమ్మ గుమ్మందాకా వచ్చింది, మొహమాటంగా పులిహోర గిన్నెకేసి చూసి, "అది ఇటిచ్చియ్యండి తల్లీ, మేం పంచుకుంటాం," అంది. తిలోత్తమ ఇచ్చేసింది. తలుపు మూసుకుంది.

వరండాలో నిలబడి చేతిలోని తెర చూసింది. నూట నలభై, నూట ముప్పై రెండు, నూట ఇరవై ఐదు. లోపల ఎవరో ఏదో అన్నారు, అందరూ గొల్లుమన్నారు. అంకెలు ఇంకా దిగాయి. ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడ్చింది కూడా. తర్వాత ముఖం తుడుచుకుంది.

"చూపరీ, నియమాల్లో ఇంకొకటి చేర్చు. కొలత జరిగే నాలుగు గంటలూ వైద్యులెవరూ హాల్లోకి రాకూడదు."

"కారణం?"

"రోగుల ఆరోగ్యం."

"ఇది ఎంతమంది వైద్యులకు వర్తిస్తుంది?"

"ఇక్కడున్నది నేనొక్కదాన్నే కదా," అంది తిలోత్తమ. "రాయి."