గోడల మధ్య నత్త

దగ్గరికి జరగండర్రా. అక్కడ కూర్చుంటే సగం వినపడదు, మళ్ళీ మొదటినుంచి చెప్పమంటారు. ఈ కథకి మొదలు రెండుసార్లు చెప్పడం నావల్ల కాదు, మొదట్లోనే ఓ మనిషి చచ్చిపోతాడు.

అతనొక మెకానిక్. రేసు కారు కింద వెల్లకిలా పడుకుని బోల్టు బిగిస్తున్నాడు. పట్టపగలు. గ్యారేజీ నిండా జనం, చెవులు చిల్లులు పడేలా ఇంజన్ల మోత. ఎవడో తాపీగా నడిచి వచ్చి, బూటుకాలితో జాకీని ఒక్క తన్ను తన్ని, అదే నడకతో వెళ్ళిపోయాడు. కారు దబ్బున మీద పడింది. అరిచాడో లేదో ఆ మోతలో ఎవరికీ తెలియదు. నేలమీద నూనె ఒలికిందని గుడ్డ పట్టుకు వంగినవాడికి, అది నూనె కాదని చేతికంటాకగానీ తెలియలేదు.

ఆ మెకానిక్ మనవాడే, సీక్రెట్ సర్వీసువాడు. విదేశీ ముఠా ఒకటి రేసు టీమ్ ముసుగులో ఆయుధాలు చేరవేస్తుంటే, వాళ్ళలో ఒకడిగా కలిసిపోయి సమాచారం పంపుతుండేవాడు. పోయేముందు పంపిన ఆఖరి మెసేజ్ ఇది: "జడ్జిని కప్పు ఇచ్చేచోట చంపుతారు."

ఆ ముఠా నాయకుడి కేసులో రేసు మర్నాడు తీర్పు చెప్పాల్సిన జడ్జి ఆవిడ. రేసు జరిగేది ఆవిడ కోర్టు చుట్టూ ఉన్న వీధుల్లోనే. గెలిచినవాడికి కప్పు ఇమ్మని ఆవిణ్ణి ఎప్పుడో పిలిచేశారు.

ఆవిడకి ఒక్కగానొక్క తమ్ముడు. తల్లి లేని పిల్లాడని తనే గోరుముద్దలు పెట్టి పెంచింది. ముద్ద బుగ్గన పెట్టుకుని పొద్దు గుంకేదాకా నమిలేవాడు కాబట్టి "నత్తా" అని పిలిచేది. వాడే పెద్దయ్యి రేసు డ్రైవరయ్యాడు, ఆ వేషం వెనక సీక్రెట్ ఏజెంటయ్యాడు. కోడ్ నేమ్ ఏం పెట్టుకుంటావని ఆఫీసులో అడిగితే ఇంకో మాటే తోచలేదు. లోకంలో అంత స్పీడుగా పోయే నత్త ఇంకోటి లేదు.

చీఫ్ గది టైర్ల గోడౌన్ మీద. మెట్లెక్కుతుంటేనే రబ్బరు కంపు. నత్త వెళ్ళేసరికి అక్కడ నెమలి కూర్చుని ఉంది. మోచేతులదాకా ఆకుపచ్చ గ్లవ్స్, నడిస్తే నలుగురు గోడకి గుద్దుకునేంత అందం. ముఠా టీమ్‌లో పబ్లిసిటీ చూసేది, గుట్టుగా మనకి కబుర్లు మోసేది. డబుల్ ఏజెంట్. రెండు పొయ్యిలమీద ఒకే గరిట తిప్పే మనిషి.

"రిపోర్ట్," అన్నాడు చీఫ్.

"హంతకుడు ఇనప్పళ్ళవాడు," అంది నెమలి. ముఠా డ్రైవరుకి ఆ పేరు ఊరికే రాలేదు. ఓసారి గోడకి కొట్టుకుని పళ్ళు రాలిపోతే స్టీలువి కట్టించుకున్నాడు. "రేసు గెలుస్తాడు. కప్పు అందుకుంటూ పని కానిస్తాడు. జడ్జిగారికి చేయందేంత దగ్గరికి వెళ్ళనిచ్చేది గెలిచినవాణ్ణొక్కణ్ణే."

"ఇప్పుడే పట్టేసుకుంటే?" అన్నాడు నత్త.

"సాక్ష్యం?" అన్నాడు చీఫ్. "చెప్పేవాణ్ణి కారు కింద పెట్టేశారుగా. నీ మిషన్ ఒకటే. వాణ్ణి గెలవనివ్వకు."

నత్త అక్కకి ఫోన్ కొట్టాడు. "అక్కా, ఇవాళ నువ్వు రావద్దు."

"ఇవాళ మంచం కింద దూరితే రేపు ఏ మొహం పెట్టుకుని తీర్పు చెప్పనురా? నీ పని నువ్వు చూసుకో. పాలు విరిగితే చెప్పు, చాలు."

అది వాళ్ళ చిన్ననాటి మాట. తండ్రి బెల్టు తీసుకుని గదిలోకి వస్తుంటే ఒకళ్ళకొకళ్ళు ఇచ్చుకునే హెచ్చరిక. పాలు విరిగాయంటే, ఉన్నచోటే నేలకి కరుచుకుపో అని.

ఫోన్ పెట్టేశాక చీఫ్ అడిగాడు. "వాడి కారు నీదానికంటే స్పీడు. ఎలా ఆపుతావ్?"

"ఆపక్కర్లేదు సార్. నిన్న క్వాలిఫయింగ్‌లో వాడు గోడకి రాసుకోబట్టి నేను ఫస్ట్, వాడు సెకండ్. ముందు నిలబడేది నేనే. ఇరుకు సందులో ముందు బండి వెళుతుంటే వెనకవాడు ఏం చేస్తాడు? హారన్ కొట్టుకుంటాడు. రెండు పక్కలా గోడలే. నా కారు గాలిని చీల్చి చిందరవందర చేస్తుంది, వెనకవాడి కారుకి ఆ గాలిలో పట్టు దొరకదు, మలుపులో జారుతుంది. అందరూ వెళ్ళే దారి వదిలి పక్కకి వస్తే అంతా దుమ్ము, టైర్ల రజను. పోనీ బ్రేకు ఆలస్యంగా తొక్కి దూరదామంటే, తిన్నగా ఉండే రోడ్డు ఏదీ? మలుపు పక్కనే మలుపాయె. ఆ చేపల మార్కెట్ దగ్గరొక్కటే కాస్త వెడల్పు. అక్కడ తలుపేసుకుని కూర్చుంటే దేవుడు కూడా దాటలేడు."

నెమలి నవ్వింది. "అయితే నువ్వే గెలుస్తావన్నమాట."

జెండా ఊగింది. ఇరవై కార్లు ఒక్కసారిగా గోడల మధ్య గర్జించాయి. మొదటి మలుపులోనే వెనకనుంచి గుద్దు తగిలింది. నత్త మెడ విరిగినంత పనయ్యింది. అద్దంలో చూస్తే హెల్మెట్ లోపల స్టీలు పళ్ళు తళుక్కుమన్నాయి.

కోర్టు వీధి, బ్యాంకు మలుపు, వంతెన, చేపల మార్కెట్. మళ్ళీ కోర్టు వీధి. ప్రతి రౌండుకీ ఒక కుమ్ము. నాలుక కొరుక్కుని నోరంతా ఉప్పగా అయింది. వేళ్ళు స్టీరింగుకి అతుక్కుపోయాయి.

మూడోవాడు పసుపు కారువాడు. ఆ రోజు ట్రాక్ మీద అందరికంటే వేగం అతనిదే. వంతెన దగ్గర ఇనప్పళ్ళవాడి పక్కకి కొద్దిగా చోటు చూసి ముక్కు దూర్చాడు. ఇనప్పళ్ళవాడు స్టీరింగు పక్కకి తిప్పేశాడు. పసుపు కారు గోడెక్కి, పల్టీ కొట్టి, తలకిందులుగా పడి భగ్గున మండింది. బెల్టు విప్పుకోలేక అతని చేతులు మంటలో కొట్టుకోవడం నత్త అద్దంలో చూశాడు. ఆ చేతులు ఆగిపోవడమూ చూశాడు.

"రాక్షసుడా, నీ దారికి అడ్డొచ్చాడని చంపేశావా!" అనుకున్నాడు. అలా అనుకోవడంలోనే పప్పులో కాలేశాడు, కానీ అప్పటికి తెలియదు.

సేఫ్టీ కారు వచ్చింది, కాలిన ఇనుమును క్రేను ఎత్తుకెళ్ళింది, రేసు మళ్ళీ సాగింది. నత్త టైర్లు అరిగి బోడిగుండ్లయ్యాయి. ఆఖరి రౌండులో, సరిగ్గా చేపల మార్కెట్ దగ్గర, కారు అతని మాట వినలేదు. సర్రున బయటి గోడవైపు జారింది. లోపలివైపు బార్లా తలుపు తీసినట్టు చోటు.

ఇనప్పళ్ళవాడి ముక్కు ఆ చోటులోకి వచ్చింది. అయిపోయింది, అక్క పోయింది అనుకున్నాడు నత్త. ఉన్నట్టుండి ఆ ముక్కు కిందికి వంగి వెనక్కి తగ్గింది.

"దుమ్ములో జారాడు!" చెవిలోని రేడియోలో చీఫ్ కేక. "పద, పద!"

నత్త గెలిచాడు.

మెట్లున్న వేదికమీద పైమెట్టు నత్తది, పక్క మెట్టు ఇనప్పళ్ళవాడిది. జడ్జి అక్క ముందుకొచ్చి, రెండు చేతులా పట్టాల్సినంత వెండి కప్పు తమ్ముడికిచ్చింది. "నోట్లో ఆ రక్తమేమిట్రా? ఏమైనా తిన్నావా?" అని గొణిగింది.

గెలిచినవాడు నురగ సీసా ఊపి జనం మీద చిమ్మడం ఆ ఆటలో ఆనవాయితీ. ముందు తడిసేది కప్పు ఇచ్చినవాళ్ళే. నత్త కప్పును అక్క కాళ్ళ దగ్గర పెట్టాడు. ఆకుపచ్చ గ్లవ్స్ సీసాని అతని చేతిలో పెట్టాయి. జనం ఈలలు. నత్త సీసా ఊపాడు. బిరడా మీద బొటనవేలు వేశాడు.

"మిషన్ సక్సెస్!" అన్నాడు చెవిలో చీఫ్.

అప్పుడు పక్కకి చూశాడు. ఇనప్పళ్ళవాడు ఇంకా హెల్మెట్ తీయలేదు. పైగా ముందున్న అద్దాన్ని కిందికి లాక్కుంటున్నాడు.

నత్తకి అంతా వెలిగింది. వాడు దుమ్ములో జారలేదు. బ్రేకు తొక్కాడు. తలుపు బార్లా తీసినా దొంగ లోపలికి రాలేదంటే, వాడు వచ్చింది దొంగతనానికి కాదు, కాపలాకి! నిన్న గోడకి రాసుకున్నది కావాలనే. పసుపు కారువాణ్ణి చంపింది నత్తని దాటనివ్వకూడదనే. దాటడం కష్టమైన వీధుల్లో, దాటకూడదనుకున్నవాణ్ణి ఎవరు పోల్చుకోగలరు? జడ్జిని చంపేది సీసాలోని విషం, చిమ్మేది తమ్ముడి చేయి. ముఠా చేతికి మచ్చ ఉండదు.

"లేదు సార్," అన్నాడు నత్త. "నెమలీ, మొదటి గుక్క నీదే. రా."

నెమలి మొహం పాలిపోయింది. చేతి సంచిలోంచి పిస్తోలు బయటికొచ్చింది.

"అక్కా, పాలు విరిగాయి!"

జడ్జిగారు నల్లకోటుతో సహా నేలకి కరుచుకుపోయింది. గుండు నత్త భుజంలోంచి దూసుకుపోయింది. ఇనప్పళ్ళవాడు పైకి దూకి, సీసా ఉన్న చేతిని మెలిపెట్టి అక్కవైపు తిప్పబోయాడు. మణికట్టు ఫట్‌మంది. బిరడా కదులుతోంది. వాడి బలం ముందు నత్త ఆగలేకపోయాడు, ఆగాలనీ చూడలేదు. వాడు తిప్పినవైపే తనూ తిరిగాడు, రెండో చేత్తో సీసా మూతిని హెల్మెట్ అద్దం కిందనుంచి లోపలికి గుచ్చాడు, బొటనవేలు తీసేశాడు.

హెల్మెట్ లోపలంతా నురగే. విషం లోపలికి రాకుండా బిగించుకున్న అద్దం, వాడికే చెరసాల అయింది. లోపలినుంచి పొగ, కూత. గోళ్ళు ఊడేలా గీరుకుని మెట్లమీంచి దొర్లి చచ్చాడు.

నెమలి మళ్ళీ గురి పెట్టింది, ఈసారి నత్త గుండెకి. ట్రిగ్గరు మీద వేలు బిగిసేలోపు నేలమీదున్న జడ్జి కప్పు అందుకుంది. మోకాలికి ఒకటి, వంగిన తలకి ఇంకోటి. పిస్తోలు ఒకవైపు, నెమలి ఒకవైపు.

"మెకానిక్‌ని చంపిన బూటు ఎవరిది?" జుట్టు పట్టుకుని అడిగింది జడ్జి. పళ్ళు రాలిన నోటితో నెమలి మొత్తం కక్కింది.

మర్నాడు ఆవిడ, నేలమీద పడ్డప్పుడు చిట్లిన మోచేతికి కట్టుతోనే తీర్పు చదివింది. నాయకుడికి చచ్చేదాకా జైలు.

తర్వాత ఆసుపత్రిలో తమ్ముడికి ముద్దలు కలిపి పెడుతుంటే, మంచం పక్కన ఉన్న సొట్ట కప్పు ఎవరికని చీఫ్ అడిగాడు. "దాంతో రెండు దెబ్బలు కొట్టిందాన్ని నేను. వీడేం చేశాడు? వాళ్ళు గెలవమంటే గెలిచాడు," అంది అక్క.

ఇదర్రా కథ. మర్చిపోకుండా మీ పిల్లలకీ చెప్పండి. చెప్పేటప్పుడు ఆ మెకానిక్కునీ, పసుపు కారువాణ్ణీ మాత్రం వదిలేయకండి, వాళ్ళకి ఏ కప్పూ రాలేదు. నత్త సంగతంటారా, వాడు ఆ ముద్ద ఇంకా నములుతూనే ఉండి ఉంటాడు.