యారాడ కొండ గుర్తు

సాయంత్రం బస్సుకి రావలసిన అనూరాధ రాలేదు!

పెదజాలారిపేటలో ఇంటి గుమ్మం దగ్గర ఈశ్వరి అటూ ఇటూ తిరుగుతోంది. పదిహేనేళ్ల కూతురు కుట్టుపని నేర్చుకోవడానికి రుషికొండకి ఒంటరిగా వెళ్లిన మొదటి రోజు. పొద్దున్న బస్సు నంబరు పదేపదే చెప్పించి మరీ పంపింది. తీరా చూస్తే పిల్ల ఫోను మంచం మీదే ఉంది... భర్త కోటి చేపల వేట నుంచి ఇంకా రాలేదు.

"మతి నిలవని గుంటని ఒంటరిగా అంపుతారేటే? రేపట్నుంచి గడప దాటనివ్వను," అంది అత్త గురువమ్మ. "ఆనాడు ఆ సూదులకి ఒప్పుకున్నదీ నువ్వే."

ఆ మాట గుండెలో దిగింది. ఐదేళ్ల వయసులో పిల్లకి రక్తపు కేన్సరు. మెదడు చుట్టూ ఒక కంచె ఉంటుందనీ, అది విషంతోపాటు మందునీ ఆపేస్తుందనీ, రోగం దాని వెనక దాక్కోకుండా వెన్నులోంచి మందు ఎక్కించాలనీ డాక్టరమ్మ చెప్పింది. ప్రతిసారీ బిడ్డని రొయ్యలా వంచి పట్టుకున్నది ఈశ్వరే! ప్రాణం దక్కింది. కానీ ఆ మందులే కంచెని పలచబరిచి ఉండొచ్చనీ, ఈ మరుపు అందువల్లే కావొచ్చనీ మొన్న అదే డాక్టరమ్మ అంది. కన్నులు సాగిపోయిన వల... అనుకుంది ఈశ్వరి. హార్బరులో వేలంపాట పాడే ఆడవాళ్లని అనుకరిస్తూ, చేపల పేర్లన్నీ గుక్కతిప్పుకోకుండా అరిచి అందరినీ నవ్వించిన ఆ నాలుగేళ్ల గడుగ్గాయి, ఆ వలలోంచి ఎప్పుడు జారిపోయిందో! ఆ పిల్ల ఒక్కసారి కనబడితే చాలు...

ఈశ్వరి రోడ్డు మీదికి పరుగెత్తబోయింది. వెనక నుంచి "అమ్మా" అని పిలుపు. చెప్పులు చేత్తో పట్టుకుని, సముద్రం వైపు నుంచి వస్తోంది అనూరాధ!

"బస్సు నంబరు మర్సిపోనాను," అంది మాటలు వెతుక్కుంటూ. "పేట పేరూ నోటికి రాలేదు. దారి తప్పితే దూరంగా అవుపడే యారాడ కొండ ఎదర ఎట్టుకొని వచ్చీమని అయ్య పడవోళ్లకి సెప్తాడు కదా... ఒడ్డంట అలాగే నడిచొచ్చీసినాను."

గురువమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి మనవరాలి కాళ్ల ఇసుక కడిగింది.

"ఆ సూదులే లేకపోతే ఈ కాళ్లు ఇంటికొచ్చేవేటి, కోడలా," అంది.

రేపు కూడా వెళ్లనా అని అడిగింది అనూరాధ. ఈశ్వరి అలవాటుగా ఆ ముఖంలో పాత పిల్ల కోసం వెతికింది. లేదు. ఇక రాదు... ఇంత దూరం నడిచి వచ్చింది మాత్రం ఈ పిల్లే. కళ్లు తుడుచుకుంది.

"ఎల్లు తల్లీ. నాను ఇసుకలో నిలబడి సూత్తుంటాను."